తెర మూలన చుక్క

క్షమాపణ (నమోదుల కంటే ముందు చదవాలి)

నా తర్వాత ఈ కుర్చీలో కూర్చోబోయే కాపలాదారు గారికి, నాలుగు గ్యాలరీల సమస్త ప్రజలకు, వంతుల కమిటీ అధ్యక్షులు మొగిలి సార్‌కు, సార్ చేతిలోని స్క్రూడ్రైవర్‌కు, ఆటలోని గబ్బిలాల జాతికి, ఆగిపోయిన యంత్రాల శాస్త్రంలో నాకు డిప్లొమా ఇచ్చి ఆ సంగతి మరిచిపోవాలని చూస్తున్న మా కాలేజీకి, మోకాళ్ల మీద కూర్చుని చేసుకుంటున్న విన్నపం: నన్ను క్షమించండి.

మోకాళ్ల సంగతి అబద్ధం. కుర్చీలోనే ఉన్నాను. మిగతాది నిజం.

ఈ పేజీల్లో జరిగిన ప్రతి అనర్థానికీ మూలకారణం నేనే. పైన నేల మీద ఎండ మనుషులు తిరగలేనంతగా ముదరడం నా తప్పే, అప్పటికి నేను పుట్టకపోయినా. మనమంతా పాత బొగ్గు బాయిలోకి దిగి, గ్యాలరీలనే ఈ సొరంగాల్లో బతకాల్సి రావడమూ నా వల్లే. నా చేతిరాత, నా వెటకారం, భోజనాల వరసలో నా ప్రవర్తన మీద కమిటీకి అందిన ఫిర్యాదులు, అన్నీ ఒప్పుకుంటున్నాను. ఇంత పెద్ద మనసుతో ఇన్ని ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని అసలు నువ్వు చేసిందేమిటని అడగడం మర్యాద కాదు. అయినా అడిగేవాళ్లు ఉంటారు. వాళ్ల కోసం అది చివర్లో పెట్టాను.

భూమేష్, రెండో గ్యాలరీ, మిషన్ కాపలాదారు


నమోదు 1. సోమవారం

గాలి మిషన్ చప్పుడు సరిగ్గానే ఉంది. క్యాంటీన్ తాళం తీశాను. ఆట మిషన్ వెనక ఎలుకల బోను చూశాను. ఎలుక లేదు, అది తినాల్సిన కొబ్బరి ముక్కా లేదు. ఎవరి మీద అనుమానం పడాలో ఇంకా తేల్చుకోలేదు.

తడిగుడ్డతో మిషన్ తుడిచాను. నా డ్యూటీలో సగం ఇదే. ఈ బాయిలో పొద్దున తుడిచింది మధ్యాహ్నానికి నల్లబడుతుంది. మిషన్ ముందు ఆడే కర్ర, రెండు బటన్లు, పక్కన స్టార్ట్ బటన్. ఆట అసలు పేరు బోర్డు మీద ఎప్పుడో చెరిగిపోయింది. మేం 'తవ్వు తాత' అంటాం. గడ్డపార పట్టుకున్న తాత అంతస్తు అంతస్తుగా కిందికి తవ్వుకుంటూ పోతాడు, గబ్బిలాలు వెంటబడతాయి. మొత్తం ఏడు అంతస్తులు. ప్రతి బేస్తవారం ఒక్కో గ్యాలరీ నుంచి ఒక్కరు ఆడతారు. ఎవరి తాత ఎక్కువ లోతుకు దిగితే ఆ వారం మొదటి చల్లగాలి వాళ్ల గ్యాలరీకి. ఆఖరున మిగిలినవాళ్లకు గాలి వస్తుంది గానీ, అది చల్లగాలి అని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

ఇంత పెద్ద వ్యవహారం ఒక పాత ఆటకు ఎందుకు అప్పగించారని అడిగితే పెద్దవాళ్లది ఒకటే జవాబు: దానికి మన పేర్లు తెలియవు. ఇదివరకు గాలి పంచిన తెలివైన యంత్రానికి అందరి పేర్లూ తెలిసేవి. ఎవరు ఎంత పనికొస్తారో కూడా తెలిసేది. దగ్గేవాళ్లు ఎక్కువున్న నాలుగో గ్యాలరీకి అది గాలి ఎలా తగ్గించుకుంటూ పోయిందో చెప్పడం మొదలుపెట్టి, పెద్దవాళ్లు మధ్యలో ఆపేస్తారు.

ఈ రోజు విశేషం: కొత్త కర్ర బిగించారు. పోయిన వంతు రోజున మొదటి గ్యాలరీ ఆటగాడు సంపత్ ఓడిపోయి, ఆ కోపంలో పాత కర్రను విరగ్గొట్టాడు. గ్యాలరీకొక సాక్షిని నిలబెట్టి మొగిలి సార్ స్వయంగా స్క్రూలు బిగించారు.

"సార్, కర్ర కింద ఒక రేకు ఉంటది, అది ఏ పక్కకు..."

"నాకు చెప్తవారా? నువ్వు పుట్టకముందే ఈ బాయిల పంపులన్ని బిగిచ్చిన చెయ్యి ఇది."

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఈ మాట రాసి ఉంచడం ముఖ్యం.


నమోదు 2. బేస్తవారం, వంతు రోజు

పద్ధతి ప్రకారం జరిగింది. ఒక్కో ఆటగాడికి ముందు మిషన్ ఆర్పాలి, మళ్లీ వెలిగించాలి, అందరూ చూస్తుండగా తుడవాలి, చేతులెత్తి ఖాళీగా ఉన్నాయని చూపించాలి. ఆ చేతులెత్తడం నేను చాలా గంభీరంగా చేస్తాను. పిల్లలు నవ్వుతారు.

సంపత్ ఐదో అంతస్తు దాకా దిగాడు. కర్ర బాగుందన్నాడు. విరగ్గొట్టినవాడే మెచ్చుకుంటే కర్రకు అంతకంటే గౌరవమేముంది. మా రెండో గ్యాలరీ తరఫున ఆడిన లెక్కల మేడం నాలుగు. మూడో గ్యాలరీ కిష్టయ్య కాక కూడా నాలుగు. కాకకు చూపు ఆనదు, అలవాటు మీద ఆడతాడు.

చివరగా నాలుగో గ్యాలరీ సుగుణ అక్క. ముప్పై ఏళ్లుంటాయి, పుట్టగొడుగులు పెంచుతుంది. నాలుగో గ్యాలరీ వాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. ఏ మిషన్ మొదలుపెట్టినా ముందు దాని పిడిని మూడుసార్లు గుండ్రంగా తిప్పి, రెండు చేతులూ ఆనించి మొక్కుతారు. పంపుకైనా అంతే, పిండిమరకైనా అంతే. మొదటి గ్యాలరీ వాళ్లకు ఇది చూస్తే ఒళ్లు మంట. మిషన్లకు మొక్కే వెనకటికి గాలి పంచే యంత్రం చేతిలో ఆ గతి పట్టిందంటారు.

అక్క కర్రను మూడుసార్లు తిప్పింది, రెండు అరచేతులూ రెండు బటన్ల మీద పెట్టి కళ్లు మూసుకుంది, ఆడింది. ఎప్పుడూ మూడు దాటని మనిషి ఆరో అంతస్తు చూసింది. నాలుగో గ్యాలరీ అన్నిటికంటే లోతున, అన్నిటికంటే వేడిగా ఉంటుంది. అక్కడికి మొదటి గాలి పోవడం నా ఎరుకలో ఇదే మొదలు.

"మా జమున ఇయ్యాల పంటది బూమేశూ," అంది అక్క. జమున ఆమె చెల్లెలు. నెలలు నిండాయి. కాళ్లు వాచి, ఉక్కకు కూర్చునే నిద్రపోతోందట. అంతకుముందు ఏడాది కాన్పులో ఉక్కకు తట్టుకోలేక ఆ గ్యాలరీలో ఒకామె పోయింది. ఆ మాట అక్క అనలేదు. నాకు తెలుసని ఆమెకు తెలుసు.


నమోదు 3. మరుసటి బేస్తవారం, వంతు రోజు

సుగుణ అక్క ఏడో అంతస్తు దాటింది.

ఇప్పటిదాకా ఎవరూ దాటలేదు కాబట్టి దాటితే ఏమవుతుందో ఎవరికీ తెలియదు. దిగిన లోతుకు లెక్క చూపే గడిలో ఐదు తొమ్మిదులు వరసగా నిలబడ్డాయి, అంతే. చప్పట్లు నాలుగో గ్యాలరీ మూల నుంచి మాత్రమే వినిపించాయి. మిగతా మూడు మూలలూ గొంతులు సవరించుకున్నాయి.

"గబ్బిలాలకు నిద్రమందు పెట్టిర్రా ఏంది?" అన్నాడు సంపత్. "నాకేమో కాకులోలె మీద పడ్డయ్. ఆమెకేమో పెండ్లి బువ్వ తిన్నోలె తిరుగుతున్నయ్."

వాడి మాట కొట్టిపారేయలేను. నేనూ చూశాను. గబ్బిలాలు నిజంగానే బద్ధకంగా ఎగిరాయి.

ఇంకోటి. ఆట అయ్యాక తుడవబోతే తెర కుడి పక్క కింది మూలన ఒక తెల్ల చుక్క. దుమ్మనుకుని తుడిచాను. పోలేదు. గోటితో గీకాను. పోలేదు. మిషన్ ఆర్పి వెలిగిస్తే పోయింది.

రాత్రి భోజనంలో అందరినీ అనుమానించాను. సుగుణ అక్కను, ఎందుకంటే గెలిచింది. సంపత్‌ను, ఎందుకంటే గోల చేస్తున్నాడు. మొగిలి సార్‌ను, ఎందుకంటే గోల చేయడం లేదు. కిష్టయ్య కాకను, చూపు ఆనదన్న మనిషి నా పళ్లెంలోని వడ ఎలా చూశాడని. చివరికి నన్ను నేను కూడా అనుమానించాను, తాళంచెవి నా మొలతాడుకే ఉంది కాబట్టి. కానీ నేను నాకు బాగా తెలిసినవాణ్ణి, అంత పని చేసే ఓపిక నాకు లేదు.


నమోదు 4. శుక్రవారం

కమిటీ ముందు విచారణ. మొదట నన్నే పిలిచారు.

"తాళంచెవి ఎవలెవలికి ఇచ్చినవ్?" అన్నారు మొగిలి సార్.

"ఎవలికి ఇయ్యలే సార్."

"సుగుణ నీకు పుట్టగొడుగులు ఇస్తదంట గద."

"అందరికి ఇస్తది సార్. మీకు గూడ ఇచ్చింది, పోయిన వారం."

సార్ నీళ్లు తాగారు. తర్వాత సంపత్ లేచాడు.

"నేను జెప్త. ఆమె కర్ర తిప్పుకుంట ఏదో మంత్రం జదువుతున్నది. కండ్లు మూసుకున్నది సూడలే?"

మిషన్‌కు మొక్కితేనే పరువు పోయిందనే గ్యాలరీ మనిషి మంత్రాలను నమ్మడం చూసి నాకు నవ్వొచ్చింది. దగ్గుగా మార్చుకున్నాను.

"మంత్రమైతే నీకు గూడ నేర్పుత తీ, ముందు జర స్నానం జేసి రా," అంది సుగుణ అక్క.

కొంచెం నవ్వులు. మొగిలి సార్ మాత్రం నవ్వలేదు. తీర్పు చెప్పారు. "వచ్చే బేస్తవారం ఎవ్వలు మొక్కద్దు. వచ్చుడు, స్టార్ట్ ఒత్తుడు, ఆడుడు. గంతే. మొక్కకుండ గూడ సుగుణ గట్లనే దిగితే మంచిది, ఆమె గెలుపు నిజం. మల్ల మూడుకే పడిపోయిందనుకో, దొంగాటే. నాలుగో గ్యాలరీకి వానలు పడేదాక వంతు లేదు."

వానలు పడేదాకా అంటే ఈ బాయి భాషలో ఎప్పటికీ అని. నా వయసువాళ్లెవరూ వాన చూడలేదు.

సుగుణ అక్క ముఖంలో వెటకారం ఆరిపోయింది. చెల్లెలి నొప్పులు ఏ రోజైనా మొదలవ్వచ్చు.


నమోదు 5. సోమవారం

సోమవారాలు దుమ్ము దులపడానికి మిషన్‌కు కాసేపు కరెంటు ఇస్తారు. తలుపు వేసుకున్నాను. మిషన్ వెలిగించి, సుగుణ అక్క చేసినట్టే చేశాను. కర్ర మూడు చుట్లు. రెండు అరచేతులూ రెండు బటన్ల మీద ఒకేసారి.

తెర మూలన తెల్ల చుక్క.

స్టార్ట్ నొక్కాను. గబ్బిలాలు పెళ్లి భోజనం చేసి వచ్చాయి.

మా కాలేజీలో నేను మేలుకుని విన్న పాఠాలు కొన్నే, అందులో ఇది ఒకటి. ఆట తయారుచేసేవాళ్లు మధ్యలో తప్పులు వెతుక్కోవడానికి తమ కోసం ఒక దొడ్డిదారి పెట్టుకుంటారు. డీబగ్ మోడ్ అంటారు. దాంట్లోకి పోతే శత్రువులు నెమ్మదిస్తారు, ఆట మొత్తం తీరిగ్గా తిరిగి చూసుకోవచ్చు. పని అయ్యాక తీసేయడం మరిచిపోతారు, లేదా తీసేయబుద్ధి కాదు. ఎవరికీ తట్టని సైగతో మూసిపెడతారు. వాళ్లు పెట్టుకున్న సైగ మూడు చుట్లూ, రెండు బటన్లూ. ప్రపంచంలో ఎవడూ పొరపాటున అలా చేయడనుకుని ఉంటారు. నాలుగో గ్యాలరీ సంగతి వాళ్లకు తెలియదు కదా.

మరి ఇన్నేళ్లుగా మొక్కుతున్నా ఇప్పుడే ఎందుకు పనిచేసింది? అడుగు పలక విప్పి చూశాను. కర్ర కింది రేకుకు రెండు ముఖాలు. ఒక ముఖం పైకి పెడితే కర్ర నాలుగు దిక్కులకే పోతుంది, రెండోది పెడితే మూలలకూ పోతుంది. పాత కర్రకు రేకు నాలుగు దిక్కుల ముఖం మీదే ఉండేది, ఎంత తిప్పినా దానికి చుట్టు పూర్తయ్యేది కాదు. మొగిలి సార్ రేకును తిరగేసి బిగించారు. ఆయన అనుమానిస్తున్న నేరానికి తలుపు తీసింది ఆయన స్క్రూడ్రైవరే.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆట మధ్యలో స్టార్ట్ మళ్లీ నొక్కాను.

నల్లటి గది వచ్చింది. గదినిండా ఆటలో ఎక్కడా లేని సామాన్లు వరసగా పేర్చి ఉన్నాయి. ఒక కుక్క. ఒక గొడుగు. మోగని గంట. వాటి పక్కన ఒక ఆడమనిషి, తాతలాంటి టోపీ, తాతలాంటి గడ్డపార. కర్ర కదిపితే ఆమె నడిచింది, తవ్వింది, చెమట తుడుచుకుంది. చెమట తుడుచుకోవడం తాతకు రాదు. ఇంత శ్రద్ధగా గీసి, ఏ అంతస్తులోనూ ఆమెకు చోటివ్వలేదు.

గది చివర నిచ్చెన ఉంది. పైకి పోయే నిచ్చెన. ఏడు అంతస్తులూ దిగడమే తెలిసిన ఆటలో ఎక్కడం ఉన్నది ఇక్కడొక్కచోటే. ఎక్కాను. ఎనిమిదో అంతస్తు. పైన నీలంగా ఉంది, కింద పచ్చగా ఉంది, సగం నేల గీయకుండానే వదిలేశారు. తెర అంతటా సన్నటి గీతలు ఏటవాలుగా జారుతున్నాయి. తెర పాడైందనుకుని గుడ్డ తీసి తుడవబోయాను.

తర్వాత గొడుగు గుర్తొచ్చింది.

వానను తుడవబోయినవాణ్ణి చరిత్రలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. కరెంటు పోయేదాకా అలాగే చూస్తూ ఉండిపోయాను.


నమోదు 6. మంగళవారం

కమిటీకి చెబితే ఏమవుతుందో ఆలోచించాను. సుగుణ అక్కకు తెలియక జరిగినా నాలుగో గ్యాలరీ లాభపడింది, శిక్ష తప్పదు. మిషన్‌లో దొడ్డిదారి ఉందని తేలితే దాన్ని ఇక ఎవరూ నమ్మరు. మిషన్ రాకముందు ఇక్కడ గాలి వంతులు గొడ్డళ్ల పిడులతో తేలేవని మా పెదనాన్న నెత్తి మీది మచ్చ చెబుతుంది.

సుగుణ అక్కకు మాత్రం చెప్పాను. పుట్టగొడుగుల గది దగ్గర, తడి గోనెసంచుల మధ్య.

"అంటే ఆడింది నేను గాదా?"

"నువ్వే ఆడినవ్ అక్కా. గబ్బిలాలు నిమ్మలంగ వచ్చినయ్, అంతే."

"నిన్ను సంపత్‌గాడు తోలిండా?"

"నా మీద ఒట్టు."

"నీ మీద ఒట్టుకు ఎవడన్న విలువిస్తడారా?" సంచి మీద నీళ్లు గట్టిగా చిలకరించింది. "మా అవ్వ పంపుకు మొక్కేది. నేను మిషన్‌కు మొక్కిన. మొక్కుడు దొంగతనమైతదని ఎవనికి తెలుసు?"

జవాబు లేనప్పుడు నేను వాగుతాను. "ఆటల ఒక ఆడిమనిషి గూడ ఉన్నది అక్కా. గడ్డపార పట్టుకొని. ఎక్కడ వాడలే."

"ఎందుకు వాడలే?"

"తెల్వదు. టైం సరిపోలేదేమో."

"మరి ఆడ ఏం జేస్తది?"

"నిలవడి ఉంటది."

అక్క నవ్వలేదు. గది అవతల జమున ఎవరినో నీళ్లు అడుగుతోంది. "మొక్కను తీ," అంది అక్క చివరికి. "మొక్కకుండనే ఆడుత. మూడుకే పడిపోతే పడిపోత. కానీ నా చెల్లెను ఏడికి తోలాల్నో ముందుగాల నువ్వే చెప్పాలె, సదువుకున్నోనివి గద."




నమోదు 7. బుధవారం

పని తోచక క్యాంటీన్ గోడలు తుడిచాను. డ్యూటీలో లేదు. ఎదురు గోడ మీద వంతుల నియమాలు రంగుతో రాసి ఉంటాయి. కొత్తగా బాయిలోకి దిగిన రోజుల్లో అందరూ కూర్చుని రాసుకున్నవట. పై నియమాలు అందరికీ నోటికి వచ్చు. కింది భాగమంతా పొగకు నల్లబడి గోడలో కలిసిపోయింది. గుడ్డ ఆనిస్తే ఒక వరస బయటపడింది.

'అందరి లెక్క సమానమైతే అందరికీ గాలి సమానం.'

ఒక్కసారి కూడా వాడని నియమం. నలుగురు మనుషులు, ఐదంకెల లెక్క, ఎప్పుడు సమానం కావాలి. ఎవరో శ్రద్ధగా రాశారు, తర్వాత దానికి చోటు దొరకలేదు.

మళ్లీ తుడిచాను. మసి పోయింది. దూరం నుంచి కూడా చదవచ్చు.


నమోదు 8. బేస్తవారం, వంతు రోజు

నాలుగు గ్యాలరీలూ క్యాంటీన్‌లోనే ఉన్నాయి. కమిటీ వాళ్లు నా జేబులు తడిమారు. సంపత్ నా గుడ్డ లాక్కుని దులిపి, వాసన చూసి, తిరిగి ఇచ్చాడు. అందులో బొగ్గు తప్ప ఏమీ లేదు.

ఆర్పాను, వెలిగించాను, తుడిచాను, చేతులెత్తాను. పిల్లలు కూడా నవ్వలేదు.

సంపత్ మొదట. స్టార్ట్ ఒత్తాడు. ఆరో అంతస్తు దిగేసరికి మొదటి గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. ఏడు దాటాడు. ఐదు తొమ్మిదులు.

"చూసిర్రా," అని జనం వైపు తిరిగాడు. "ప్రాక్టీస్."

"మిషన్ తాళంలనే ఉన్నది గద, ఏడ జేసినవ్ ప్రాక్టీస్?" అంది ఎవరో ముసలమ్మ.

"మనసుల జేసిన. ఇయ్యాల మిషన్ సాఫ్‌గ ఉన్నది సార్, రాసుకోండ్రి."

మొగిలి సార్ రాసుకున్నారు. ఆర్పాను, వెలిగించాను, తుడిచాను, చేతులెత్తాను.

లెక్కల మేడం. ఐదు తొమ్మిదులు. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని, తన మీద తనకు ఎప్పటి నుంచో నమ్మకముందని చెప్పింది. మళ్లీ ఆర్పాను, తుడిచాను. కిష్టయ్య కాక ఐదు తొమ్మిదులు. "గబ్బిలాలే కనవడలే నాకు," అన్నాడు కాక. ఆయనకు ఎప్పుడూ కనబడవు.

ఈసారి గొంతులు సవరించుకున్నవాళ్లు లేరు. గబ్బిలాలు పక్కవాడి కోసం నెమ్మదిస్తే దొంగాట అవుతుంది, మన కోసం నెమ్మదిస్తే మన చెయ్యి తిరిగిందని అర్థం. ఈ సంగతి నేను కాలేజీలో నేర్చుకోలేదు.

సుగుణ అక్క వచ్చింది. నేను తుడిచి పక్కకు జరిగాను. మొక్కలేదు. అలవాటుగా లేచిన చేతులను కిందికి దించుకుని స్టార్ట్ ఒత్తింది. మూడో అంతస్తు దగ్గర ఆమె భుజాలు బిగుసుకున్నాయి. గబ్బిలం వచ్చింది. ఈదుకుంటూ వచ్చినట్టు వచ్చింది. అక్క ఒక్క క్షణం తెర మీది నుంచి చూపు తిప్పి నా చేతిలోని గుడ్డను చూసింది. తర్వాత ఆడింది. ఏడో అంతస్తు దాకా ఆమె రెప్ప వేయలేదు.

ఐదు తొమ్మిదులు.

మొగిలి సార్ నాలుగు లెక్కలూ చూశారు, ఒకదాని కింద ఒకటి.

"మల్ల ఆడాలె సార్," అన్నాడు సంపత్.

"ఎందుకు?" అన్నారు సార్. "నీ ఆట దొంగాటనా?"

"నాదెట్లయితది? నాది ప్రాక్టీస్."

"అయితే కూసో."

నేను గోడ వైపు చూశాను. నోటితో ఏమీ అనలేదు, చూశానంతే. నన్ను చూసి పిల్లలు చూశారు, పిల్లలను చూసి పెద్దలు. మొగిలి సార్ కళ్లు చిట్లించి పైకే చదివారు. చదివాక టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. ఆ వరస రాసినవాళ్లలో వాళ్ల నాయన ఉన్నాడని తర్వాత తెలిసింది.

"నాలుగు కవాటాలు సమానంగ తెరువుండ్రి," అన్నారు.


నమోదు 9. శనివారం

గాలి ఎవరికీ మరీ చల్లగా లేదు, ఎవరికీ మరీ వేడిగా లేదు. మొదటి గ్యాలరీ వాళ్లు దుప్పట్లు మడిచి లోపల పెట్టి, ఇదేం బతుకని తిట్టుకుంటున్నారు. తిట్టడానికి వాళ్లకు ఊపిరి బాగానే ఆడుతోంది.

తెల్లవారుజామున జమునకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా నిద్రపోతున్నారు, పడుకునే.

మొగిలి సార్ వచ్చారు. మిషన్ చుట్టూ తిరిగారు. ఎలుకల బోను కూడా చూశారు.

"భూమేషూ, ఒకటి అడుగుత. ఆ కర్ర కింది రేకు నేను ఉల్టా బిగిచ్చిన్నా?"

"గుర్తు లేదు సార్."

"ఆనాడు నువ్వేదో చెప్పవోయినవ్."

"నేను ఎప్పుడు ఏదో ఒకటి వాగుత గద సార్."

సార్ కర్రను వేలితో మెల్లగా మూలకు నెట్టి చూశారు. అది పోయింది. "మార్చాల్నంటవా?"

"మార్చాలంటే మల్ల సాక్షులను పిలవాలె. ఎందుకు మారుస్తున్నమో చెప్పాలె."

చాలాసేపు నన్నే చూశారు. నేనూ ఆయన్నే చూశాను. మా ఇద్దరి మధ్యా ఎవరి అనుమానం ఎక్కువో చెప్పడం కష్టం.

"ఉండనీ," అని వెళ్లిపోయారు.

సాయంత్రం సుగుణ అక్క పుట్టగొడుగుల కూర తెచ్చింది. గిన్నె నా ముందు పెట్టి కుర్చీ పక్కనే నిలబడింది.

"నిజం చెప్పు. బేస్తవారం ఆడింది నేనేనా?"

"నువ్వే."

"నువ్వేం జెయ్యలే?"

"డ్యూటీ చేసిన."

గిన్నె మీది మూత తీసి, నా ముఖంలోకి వంగి చూసింది. "కారం ఎక్కువైంది, చూసుకొని తిను," అని పోయింది. నిజంగానే ఎక్కువైంది.

మొదట్లో మాటిచ్చాను కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. ఎండకు, బాయికి, కొబ్బరి ముక్కకు నేను కారణం కాదు. దొడ్డిదారి నేను పెట్టలేదు, రేకు నేను తిరగేయలేదు, నియమం నేను రాయలేదు, ఎవరి ఆటా నేను ఆడలేదు. చేసింది ఒక్కటే. బేస్తవారం నలుగురికీ ముందు, నాలుగు గ్యాలరీలూ చూస్తుండగా, మిషన్ శుభ్రంగా తుడిచాను. కర్ర సన్నగా ఉంటుంది కాబట్టి గుండ్రంగా తుడిచాను, మూడుసార్లు. బటన్లు రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి గుడ్డను రెండిటి మీదా ఒకేసారి అదిమాను.

తెర మాత్రం మొత్తం తుడవలేదు. కుడి పక్క కింది మూలన వేలెడంత బొగ్గు అలాగే ఉంచాను.